ఒకే జబ్బు, ఇద్దరు డాక్టర్లు, రెండు మాటలు: వైద్యుల అనుభవం, నేపథ్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపీలో, పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో జనం నన్ను అడిగే ప్రశ్నలివి. జనరల్ మెడిసిన్ డాక్టరుగా, హౌస్ సర్జన్లకు పాఠాలు చెప్పేవాడిగా నాకు తోచిన జవాబులు రాశాను. మందుల పేర్లు విషయం అర్థం కావడానికే. వాటిని చూసి మందులు మొదలుపెట్టొద్దు, మానేయొద్దు.

అందరూ అవే పుస్తకాలు చదివారు కదా, ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెబుతారు?

పుస్తకంలో జబ్బు పేరు పైన ఉంటుంది, లక్షణాలు దాని కింద ఉంటాయి. ఓపీలో ఇది తలకిందులు. మనిషి లక్షణాలతో వస్తాడు, పేరు మేం వెతుక్కోవాలి. ఎక్కణ్ణుంచి వెతకడం మొదలుపెడతామన్నది అంతకుముందు చూసిన కేసులను బట్టి ఉంటుంది.

వానాకాలంలో ఒక తెల్లవారుజామున, నేల మీద చాప వేసుకుని పడుకున్న పాతికేళ్ల కుర్రాణ్ణి క్యాజువాలిటీకి తెచ్చారనుకోండి. కడుపునొప్పి, రెండు వాంతులు. రాత్రి చేపల పులుసు తిన్నాడని వాళ్లమ్మ చెబుతుంది. పట్నంలో చదివి పట్నంలోనే పనిచేసిన డాక్టరు ఫుడ్ పాయిజనింగ్ అనుకుని సెలైన్ రాస్తే ఆశ్చర్యం లేదు. డెల్టా పల్లెల్లోనో, వరంగల్ వైపో రెండు వానాకాలాలు నైట్ డ్యూటీ చేసిన డాక్టరు ముందు టార్చి వేసి కనురెప్పలు చూస్తాడు. "పైకి చూడు బాబూ, కళ్లు బాగా తెరువు" అంటాడు. రెప్పలు వాలిపోతుంటే కట్లపాము కాటేమోనని అనుమానిస్తాడు.

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నిద్రలో ఉన్నవాళ్లను కాటేస్తుంది. వాపు ఉండదు, నొప్పి అంతంతమాత్రం, గాటు చాలాసార్లు కంటికి ఆనదు. కొన్ని గంటల్లో ఊపిరి తీసుకునే కండరాలు పడిపోవచ్చు. ఆలోపే విరుగుడు ఇంజెక్షన్, కావలసివస్తే వెంటిలేటర్ అందాలి. పాముకాటు పాఠం మొదటి డాక్టరూ చదివాడు, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాడు. కడుపునొప్పితో వచ్చిన మనిషిని చూడగానే ఆ పాఠం గుర్తుకు రాదు, అంతే.

అంటే ఊరిని బట్టి కూడా వైద్యం మారుతుందా?

మారుతుంది, మారాలి కూడా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు పనిచేసిన డాక్టరు కాస్త నీరసంగా ఉందన్న నడివయసు రైతుకు కూడా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ టెస్ట్ రాస్తాడు. షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు పాడైనవాళ్లను అతను వరసగా చూశాడు. అక్కడ కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అదే డాక్టరు హైదరాబాద్ వచ్చి అందరికీ క్రియాటినిన్ రాస్తుంటే "టెస్టుల డాక్టర్" అని పేరు పడుతుంది.

నల్గొండ జిల్లాలోనో, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతంలోనో పనిచేసినవాళ్లు నడుం పట్టేసిందని వచ్చిన మనిషిని ముందు అడిగేది తాగే నీళ్ల గురించే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఈ ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట 1937లో గుర్తించింది ఆ కనిగిరి ప్రాంతంలోనే. అప్పట్లో అది నెల్లూరు జిల్లా.

ఇంకొకటి స్క్రబ్ టైఫస్, కంటికి ఆనని చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం. జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు తగ్గడం చూసి అందరూ డెంగీ అంటారు. దీన్ని ఒకసారి చూసిన డాక్టరు మాత్రం చొక్కా విప్పించి చంకల్లో, నడుం దగ్గర, గజ్జల్లో వెతుకుతాడు. సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పుండు కనిపిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మాత్రతో చాలామంది రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు. బట్టలు పక్కకు జరపకుండా మంచం చివర నిలబడి చూస్తే ఆ పుండు ఎప్పటికీ కనపడదు.

పెద్ద వయసు డాక్టరైతే నయం కదా? అనుభవం ఎక్కువ ఉంటుంది.

ఇది మనవాళ్లకు గట్టి నమ్మకం. పరిశోధనలు మాత్రం అంత గట్టిగా చెప్పడం లేదు. పాత పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి 2005లో ఒక సమీక్ష వచ్చింది. ప్రాక్టీసు ఏళ్లు పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత తగ్గుతున్నట్టే వాటిలో సగానికి పైగా పరిశోధనల్లో తేలింది. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన వృద్ధుల మీద 2017లో వచ్చిన మరో పరిశోధనలో, 40 ఏళ్లలోపు డాక్టర్ల రోగుల్లో 30 రోజుల్లోపు మరణాలు 10.8 శాతం, 60 దాటిన డాక్టర్ల రోగుల్లో 12.1 శాతం. ఎక్కువమంది రోగులను చూస్తున్న డాక్టర్లలో మాత్రం ఈ తేడా లేదు. చేతిలో పని ఉన్నంతకాలం వయసు అడ్డు కాలేదన్నమాట.

నా ఉద్దేశంలో అసలు సంగతి ఏళ్లలో లేదు. చేసిన వైద్యం ఏమైందో డాక్టరుకు తిరిగి తెలియాలి, అప్పుడే అది అనుభవం అవుతుంది. మన ఓపీల్లో అది జరగదు. తగ్గినవాళ్లు తగ్గింది కదా అని రారు. తగ్గనివాళ్లు ఇంకో ఆసుపత్రికి పోతారు. మొదటి డాక్టరు మాత్రం తన మందు పనిచేసిందనే అనుకుంటాడు. ఇలా ముప్పై ఏళ్లు గడిస్తే ఆయనకు మిగిలేది నమ్మకం ఒక్కటే. సర్జన్లు కొంత నయం. ఆపరేషన్ చేసిన కుట్టు చీము పడితే రౌండ్స్‌లో కళ్ల ముందే ఉంటుంది.

మా ఊరి ఆర్‌ఎంపీ ముప్పై ఏళ్లుగా సూదులు వేస్తున్నాడు. ఆ అనుభవం చాలదా?

ఆయన అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. మీ అత్తగారికి షుగర్ ఉందని గుర్తుపెట్టుకుంటాడు. డబ్బులు పంట చేతికొచ్చాక ఇవ్వమంటాడు. ఇవన్నీ నిజం, వీటిని మేం తక్కువ చేసి మాట్లాడటం దండగ.

అయితే మామూలు వైరల్ జ్వరం నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మూడో రోజు సూది పడింది, ఐదో రోజు జ్వరం తగ్గింది. సూదితోనే తగ్గిందని ఆయనా నమ్ముతాడు, మీరూ నమ్ముతారు. తగ్గనివాణ్ణి ఆటోలో టౌనుకు తీసుకెళ్లాక ఏమైందో ఆయనకు ఎవరూ వచ్చి చెప్పరు. దాంతో స్టెరాయిడ్, యాంటీబయాటిక్ అలవాటు ఏటికేడు గట్టిపడుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో డిగ్రీ లేని ఇలాంటి వైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి చూశారు. ఫలితాలు 2016లో వచ్చాయి. జబ్బును సరిగ్గా చూసుకోవడం మెరుగుపడింది గానీ అనవసరపు యాంటీబయాటిక్స్ మాత్రం తగ్గలేదు.

ప్రభుత్వాసుపత్రిలో విసుక్కున్న డాక్టరే సాయంత్రం సొంత క్లినిక్‌లో నవ్వుతూ మాట్లాడతాడు. ఇదేం నేపథ్యం?

ఇక్కడ నేపథ్యం పాత్ర తక్కువ, పరిస్థితుల పాత్ర ఎక్కువ. మధ్యప్రదేశ్‌లో పరిశోధకులు మామూలు మనుషులకు తర్ఫీదు ఇచ్చి రోగుల్లా పంపారు. ఒకే డాక్టరును ప్రభుత్వ కేంద్రంలోనూ, ఆయన ప్రైవేటు క్లినిక్‌లోనూ చూపించుకున్నారు. సొంత క్లినిక్‌లో ఆయన ఎక్కువసేపు చూశాడు, ఎక్కువ ప్రశ్నలు అడిగాడు, సరైన మందు రాయడమూ పెరిగింది. అనవసరపు మందులు రెండుచోట్లా ఉన్నాయి. తెలివి ఒకటే, చేతులు ఒకటే, కుర్చీ మారింది. కాబట్టి ప్రతిదాన్నీ డాక్టరు పెంపకం మీదకు నెట్టడం సరికాదు. పొద్దున వందమందిని చూడాల్సిన చోట ఎంత మంచివాడైనా ముక్తసరిగానే మాట్లాడతాడు.

ఒక్క చేదు అనుభవంతో డాక్టరు మారిపోతాడా?

చాలా. మా వృత్తిలో ఎవరూ పైకి చెప్పని సంగతి ఇది.

గుండె లయ తప్పినవాళ్లకు పక్షవాతం రాకుండా రక్తం పలుచబడే వార్ఫరిన్ ఇస్తారు. దాంతో అరుదుగా తీవ్రమైన బ్లీడింగ్ అవుతుంది. కెనడాలోని ఒంటారియోలో 2006లో వచ్చిన ఒక పరిశోధన చూడండి. తన రోగికి వార్ఫరిన్ వల్ల బ్లీడింగ్ అయిన డాక్టర్లు ఆ తర్వాత 90 రోజుల్లో మిగతా రోగులకు ఆ మందు రాయడం తగ్గించేశారు. మందు రాయకపోవడం వల్ల తన రోగికి పక్షవాతం వచ్చిన డాక్టర్లలో మాత్రం ఏ మార్పూ లేదు. తన కలంతో రాసిన మందు వల్ల కీడు జరిగితే అది నిద్రపట్టనివ్వదు. రాయనందువల్ల జరిగిన కీడును జబ్బు ఖాతాలో వేసేస్తాం.

కాన్పుల మీద అమెరికాలో జరిగి 2021లో వచ్చిన పరిశోధనలోనూ ఇలాంటిదే తేలింది. మామూలు కాన్పులో ఇబ్బంది వస్తే అదే డాక్టరు తర్వాతి గర్భిణికి సిజేరియన్ వైపు మొగ్గారు. సిజేరియన్‌లో ఇబ్బంది వస్తే మామూలు కాన్పు వైపు మొగ్గారు. ఆ తర్వాత వచ్చినామెకు ముందు కేసుతో ఏ సంబంధమూ లేదు.

వైద్యంలో పొరపాటు జరిగాక యాతన పడే డాక్టరుకు "రెండో బాధితుడు" అనే పేరు 2000లో పెట్టారు. మన ఆసుపత్రుల్లో దాని గురించి మాట్లాడుకునే చోటు లేదు. డెత్ ఆడిట్‌లో తప్పెవరిదని వెతకడం తెలుసు గానీ, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పీజీతో కూర్చుని టీ తాగేవాళ్లు తక్కువ.

కేసులు, దాడుల భయం కూడా వైద్యాన్ని మారుస్తుందా?

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. రోగికి అది మంచి హక్కు, అందులో నాకు అనుమానం లేదు. ఆసుపత్రుల మీద దాడులు ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విడిగా చట్టం తెచ్చారు, దాడులు ఆగలేదు. ఒకసారి అద్దాలు పగిలిన నర్సింగ్‌హోమ్‌లో ఆ తర్వాత సీరియస్ కేసు దిగిందంటే డాక్టరు నోటి నుంచి వచ్చే మొదటి మాట "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అనే. గంట దూరంలో ఉన్న ఆ పెద్దాసుపత్రికి చేరేలోపు జరిగే నష్టం ఏ లెక్కలోకీ రాదు.

మన దగ్గర ఇన్ని సిజేరియన్లు డబ్బు కోసమేనా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. డబ్బు ఒక కారణం, ముహూర్తాల పిచ్చి ఇంకో కారణం. ఎవరూ మాట్లాడని మూడోది శిక్షణ. పీజీ చేసిన మూడేళ్లూ సిజేరియన్లే ఎక్కువగా చూసిన డాక్టరుకు ఫోర్సెప్స్ అనే పట్టకారు వేసి బిడ్డను తీయడం, ఎదురుకాళ్ల బిడ్డను చేత్తో తీయడం అలవాటు కాదు. అలవాటు లేని పనిని అర్ధరాత్రి ఒంటరిగా చేసే ధైర్యం ఎవరికీ రాదు. ఇప్పుడు ఆమె దగ్గర నేర్చుకునే జూనియర్లకు అది ఇంకా తక్కువగా వస్తుంది.

సొంత ఇంట్లో జరిగిన విషాదం డాక్టర్లను నడిపిస్తుందా?

మన పక్కనే మూడు కథలున్నాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన ఆయన రోగులను చూసే డాక్టరుగా స్థిరపడలేదు, పరిశోధన వైపు వెళ్లారు. 1940లలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూ చికిత్సకే పనికొచ్చింది. ఆ దారిలోనే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు కూడా వచ్చింది.

మద్రాసులో 1912లో డాక్టరైన ముత్తులక్ష్మి రెడ్డి గారు చెల్లెల్ని క్యాన్సర్‌తో పోగొట్టుకున్నారు. 1954లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఆమె పట్టుదలతోనే మొదలైంది. దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన తల్లి కడుపున పుట్టిన ఆమె, దేవదాసీ వ్యవస్థ రద్దుకు శాసనమండలిలో పోరాడటంలోనూ ఆ నేపథ్యం కనిపిస్తుంది.

అమెరికన్ మిషనరీ కుటుంబానికి చెందిన ఇడా స్కడర్ కథ వేరు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన భార్యలను చూడమని ఆమెను అడిగారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి మగవాడు కాబట్టి ఆయన చూడటానికి వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో డాక్టరై తిరిగొచ్చి వెల్లూరులో మొదలుపెట్టిన చిన్న వైద్యశాలే ఇప్పటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ).

అయితే ప్రతి విషాదమూ సంస్థలు కట్టించదు. తండ్రి గుండెపోటుతో పోయిన డాక్టరు ఛాతీలో మంట అన్న ప్రతివాణ్ణీ యాంజియోగ్రామ్‌కు పంపడమూ చూస్తుంటాం.

డాక్టరు తానే రోగి అయితే?

మధురై అరవింద్ కంటి ఆసుపత్రిని 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన గోవిందప్ప వెంకటస్వామి గారు ముందు కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకరపోవడంతో కంటి వైద్యానికి మారి, ఆ వేళ్లతోనే కంటి ఆపరేషన్లు చేశారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. యూరిన్ క్యాథెటర్ ఒక్క రాత్రి పెట్టించుకున్న డాక్టరు మర్నాటి నుంచి "ఇంకా ఎందుకుంచారు, తీసేయండి" అని నర్సుకు చెబుతాడు.

లేడీ డాక్టర్ల వైద్యం మేలంటారు, నిజమేనా?

అమెరికాలో ఆసుపత్రిలో చేరిన వృద్ధుల మీద 2017లో వచ్చిన పరిశోధనలో, మహిళా ఫిజీషియన్లు చూసినవాళ్లలో 30 రోజుల్లోపు మరణాలు 11.07 శాతం, మగ ఫిజీషియన్లు చూసినవాళ్లలో 11.49 శాతం. తేడా చిన్నదే. మీ ఊరి డాక్టరును ఎంచుకోవడానికి ఇది పనికిరాదు. అయితే తెల్లబట్ట, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి మగ డాక్టరు ముందు మన ఆడవాళ్లు చెప్పరు. నడుంనొప్పి అని చెప్పి వెళ్లిపోతారు.

కులం, డబ్బు, యాస చూసి డాక్టర్లు వేరేగా చూస్తారా?

చూడమనే అంటాం. ఓపీలో ఓ మూల నిలబడి గమనిస్తే వేరే కనపడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని గూగుల్ చేసుకొచ్చినాయనకు స్కాన్ చూపించి వివరంగా చెబుతారు. పంచె కట్టుకున్న పెద్దాయనకు "మాత్రలు వాడు, పదిరోజులకు రా" అంటారు. జబ్బు ఇద్దరిదీ ఒకటే. "చెప్పినా అర్థం కాదులే" అన్నది మా మనసులో మాట. ఉట్నూరు నుంచో పాడేరు నుంచో వచ్చిన ఆదివాసీకి ఆ మాట బయటికే వినపడుతుంది. "పాణం మంచిగ లేదు, గాబర అయితుంది" అన్న తెలంగాణ అవ్వ మాటకు కోస్తా నుంచి వచ్చిన జూనియర్ "టెన్షన్" అని రాసి పంపితే, అది గుండెదడ అని తేలిన సందర్భాలున్నాయి.

డాక్టరు నీతి నమ్మకాలూ అడ్డొస్తాయి. పెళ్లికాని అమ్మాయి అబార్షన్ కోసం వస్తే "అమ్మానాన్నలను పిలుచుకురా" అనే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. 18 నిండిన స్త్రీకి ఆమె సమ్మతి చాలు. పెళ్లికానివాళ్లకూ 24 వారాల వరకు చట్టం వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

డాక్టరు తమవాడైతే తేడా ఉంటుందా అని కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పరీక్షించారు. నల్లజాతి మగవాళ్లకు నల్లజాతి డాక్టరు ఎదురుపడితే, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి ముందస్తు పరీక్షలకు ఒప్పుకోవడం బాగా పెరిగింది. పల్లె నుంచి వచ్చిన విద్యార్థులను మెడికల్ కాలేజీల్లో ఎక్కువగా చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సూచించింది. పల్లెలో పెరిగినవాళ్లే ఎక్కువగా పల్లెలో ఉద్యోగానికి నిలబడతారు. మన ఎంబీబీఎస్‌లో ఇప్పుడు విద్యార్థులు పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలనే నియమం వచ్చింది. కాలేజీ బస్సులో వెళ్లి ఫొటో దిగి వచ్చేదానికి, అదే ఇంటికి నాలుగేళ్లు వెళ్లేదానికి చాలా తేడా ఉంది. ఏది జరుగుతుందన్నది కాలేజీని బట్టి ఉంది.

విదేశాల్లో చదివినవాళ్లను నమ్మొచ్చా?

రెండు వైపులా చూడాలి. మన దగ్గర చదివి అమెరికా వెళ్లిన డాక్టర్లు అక్కడ విదేశీ గ్రాడ్యుయేట్లే. 2017లోనే వచ్చిన ఇంకో పరిశోధనలో అలాంటి విదేశీ గ్రాడ్యుయేట్లు చూసిన వృద్ధ రోగుల్లో మరణాలు 11.2 శాతం, అమెరికాలో చదివినవాళ్లు చూసినవాళ్లలో 11.6 శాతం. గాంధీలోనో, గుంటూరులోనో కిక్కిరిసిన వార్డుల్లో నేర్చుకున్నది అక్కడ అక్కరకొచ్చిందని మనవాళ్లు అంటుంటారు. ఎంతో కష్టమైన పోటీని దాటి వెళ్లినవాళ్లే అక్కడుంటారన్న సంగతీ మరిచిపోవద్దు.

బయటి దేశాల్లో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే 300 మార్కుల అర్హత పరీక్షలో 150 తెచ్చుకోవాలి. కొందరికి అక్కడి భాష రాక రోగితో మాట్లాడే అవకాశమే చిక్కలేదు. వాళ్లకు ఇక్కడి ఇంటర్న్‌షిప్పే అసలు చదువు. దాన్ని ఎక్కడ, ఎంత శ్రద్ధగా చేశారన్నది డిగ్రీ మీద దేశం పేరు కన్నా ముఖ్యం.

ఇవన్నీ తెలిశాక రోగిగా నేనేం చేయాలి?

డాక్టరుకు కనపడనివి మీరే చెప్పండి. ఎక్కడ పడుకున్నారు, ఏం పని చేస్తారు, ఏ నీళ్లు తాగుతారు, ఈ మధ్య ఏ ఊరెళ్లారు, ఆర్‌ఎంపీ ఏ సూది వేశాడు, పసరు మందు ఏమన్నా తాగారా. తిడతారని దాచొద్దు. "గ్యాస్ పట్టింది" అని మీరే జబ్బు పేరు చెప్పేస్తే డాక్టరు ఆలోచన కూడా అక్కడే ఆగిపోవచ్చు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు మొదలైంది, నడిస్తే పెరుగుతోందా అన్నది చెప్పండి. ఆపరేషన్ అంటే "ఇలాంటివి మీరు నెలకు ఎన్ని చేస్తుంటారండీ?" అని అడగొచ్చు. "ఇది కాకపోతే ఇంకేమై ఉండొచ్చు?" అన్న ప్రశ్నకూ మంచి డాక్టరు నొచ్చుకోరు.

ఇంకోచోట వేరే జబ్బని తేలితే ఆ రిపోర్టు ఫొటో మొదటి డాక్టరుకు వాట్సాప్ చేయండి, లేదా రిసెప్షన్‌లో ఇచ్చి రండి. దెప్పిపొడవనక్కర్లేదు. "మీకు తెలియాలని పంపాను సార్" అంటే చాలు. నాకిలా వచ్చిన రిపోర్టుల వల్ల తర్వాత వచ్చిన రోగులు బాగుపడ్డారు.

అలా చెబితే డాక్టరు గారికి కోపం వస్తే?

కొందరికి వస్తుంది. అప్పుడు డాక్టరును మార్చుకోండి, కాగితాలు మాత్రం వదులుకోకండి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. నోటితో అడిగితే రేపు రమ్మంటారు కాబట్టి తెల్లకాగితం మీద రాసిచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం చేయించుకోండి.